తలలో వైరు లేకుండా అయస్కాంతంతో నరాలను కదిలిస్తారట, దీనికోసం నాన్న ఆపరేషన్ ఆపవచ్చా?

తెనాలి_చిన్నోడు
శనివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా నాన్నకి 64 ఏళ్లు, పార్కిన్సన్స్ వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇదివరకు మాత్ర వేసుకుంటే నాలుగైదు గంటలు బాగా తిరిగేవారు, ఇప్పుడు రెండు గంటలకే కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోతున్నారు, మళ్లీ మాత్ర ఎక్కగానే ఒళ్లంతా మెలికలు తిరుగుతోంది. డీబీఎస్ ఆపరేషన్‌కి, అంటే మెదడు లోపల సన్నని తీగ పెట్టి కరెంటు ఇచ్చేదానికి, పనికొస్తారేమో పరీక్షలు చేద్దామని డాక్టరుగారు అన్నారు. ఇంతలో మా బాబాయి ఒక వీడియో పంపాడు. ఇనుప నానోరేణువులు, అంటే కంటికి కనపడనంత చిన్న నలుసులు, శరీరంలోకి ఎక్కించి బయట నుంచి అయస్కాంతం పెడితే మెదడులో నరాలు పనిచేస్తాయట, ఎలకల్లో చేసి చూపించారట, ఆపరేషన్ అక్కర్లేదట, రెండు మూడేళ్లలో వచ్చేస్తుందట. అది చూసిన దగ్గర్నుంచి నాన్న "నా తలకి రంధ్రం పెట్టనివ్వను, అది వచ్చేదాకా ఆగుతా" అని పట్టుబట్టి కూర్చున్నారు. అమ్మ ఒకటే ఏడుపు. ఇక్కడ చదువుకున్నవాళ్లు, పరిశోధన చేసేవాళ్లు ఉన్నారు కదా, అసలు ఇది నిజమేనా, నిజమైతే ఎంత దూరంలో ఉంది, దయచేసి చెప్పండి.

ఫెర్రైట్
శనివారం, రాత్రి 10:15

తమ్ముడూ, నేను అయస్కాంత రేణువుల మీదే పీహెచ్‌డీ చేశాను, మెదడు నా సబ్జెక్టు కాదు కానీ ఈ పేపర్లు చదువుతుంటాను. ముందు ఒక మాట, సైన్స్ నిజం. వీడియోవాళ్లు కల్పించింది కాదు. కానీ "ఆపరేషన్ అక్కర్లేదు" అన్నది మాత్రం తప్పు, అది కింద చెప్తాను.

2010లో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో ఆర్ండ్ ప్రాలె బృందం మొదట చూపించింది. కణం గోడ మీద వేడికి తెరుచుకునే ద్వారం ఒకటుంది, దాని పేరు టీఆర్‌పీవీ1. మనం మిరపకాయ కొరికితే మంట పుట్టేది దానివల్లే, కారంలోని క్యాప్సైసిన్‌కీ అదే తెరుచుకుంటుంది, సుమారు 43 డిగ్రీల వేడికీ అదే తెరుచుకుంటుంది. నాలుక మీద కారం "కాలినట్టు" ఉంటుందని మనం అనేది ఉత్త పోలిక కాదు, ఒకే ద్వారం రెండింటికీ తెరుచుకుంటోంది. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ప్రాలె బృందం ఆరు నానోమీటర్ల మాంగనీస్ ఫెర్రైట్ రేణువులను ఆ ద్వారం ఉన్న కణాల గోడకి అంటించి, వేగంగా దిక్కు మారే అయస్కాంత క్షేత్రం పెట్టారు. రేణువులు వేడెక్కాయి, ద్వారం తెరుచుకుంది, కాల్షియం లోపలికి వచ్చింది, నాడీకణం సిగ్నల్ ఇచ్చింది. సి. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడుగు పురుగు తల దగ్గర రేణువులు పెట్టి క్షేత్రం ఆన్ చేస్తే ముందుకు పోయే పురుగు వెనక్కి జరిగింది.

తర్వాత 2015లో అమెరికాలోనే ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పొలీనా అనికేవా బృందం ఎలకల మెదడు లోతుల్లో చేసింది. 22 నానోమీటర్ల మాగ్నటైట్ రేణువులు, అంటే మామూలు ఐరన్ ఆక్సైడే. సూదితో ఎక్కించిన నెల తర్వాత కూడా పనిచేశాయి. 2017లో ప్రాలెవాళ్లే, తిరుగుతున్న ఎలుకలో మెదడు పైభాగంలో పెడితే పరుగెత్తేలా, ఇంకోచోట పెడితే గుండ్రంగా తిరిగేలా చేశారు. ఇదంతా ఒక్క వైరు లేకుండా.

ఇక అసలు విషయం. ఈ ఎలకలన్నింటికీ పుర్రెకి చిన్న రంధ్రం చేసి సూదితోనే రేణువులను మెదడులో వదిలారు. చేతి రక్తనాళంలోకి ఎక్కిస్తే అవి మెదడుకి చేరవు, చాలావరకు కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి, మిగిలినవాటిని రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ ఆపేస్తుంది. పైగా ఆ కారం ద్వారం మనకి కావలసిన నాడీకణాల్లో చాలినంత ఉండదు, అందుకని వైరస్ సాయంతో దాని జన్యువును కూడా ఎక్కించారు. కాబట్టి మీ నాన్నగారు దేనికి భయపడుతున్నారో ఆ రంధ్రం ఇందులోనూ ఉంది.

తెనాలి_చిన్నోడు
శనివారం, రాత్రి 10:31

అన్నా, ఈ రంధ్రం సంగతి ఆ వీడియోలో ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడే నాన్నకి చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు కానీ విన్నారు.

లెక్కల_మాస్టారు
ఆదివారం, ఉదయం 6:10

నేను జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఫెర్రైట్ గారు బాగా చెప్పారు, దానికి కొంచెం లెక్క జోడిస్తాను, ఎందుకంటే ఎలుక నుంచి మనిషికి రావడం ఎందుకు కష్టమో లెక్కలోనే తెలుస్తుంది.

ఇంట్లో ఇండక్షన్ స్టవ్ చూస్తున్నాం కదా. అక్కడ గిన్నె అడుగున సుడి ప్రవాహాలు పుట్టి వేడెక్కుతుంది. రేణువుల్లో వేడి అలా రాదు, అవి మరీ చిన్నవి. క్షేత్రం సెకనుకి లక్షల సార్లు దిక్కు మారుతుంటే రేణువులోని అయస్కాంతత్వం దాని వెంట తిరగలేక కాస్త వెనకబడుతుంది, ఆ వెనకబాటే వేడిగా మారుతుంది. ఇక్కడిదాకా మంచిదే. కానీ సుడి ప్రవాహాలు ఎక్కడ పుడతాయంటే మన ఒంట్లో! ఒళ్లంతా ఉప్పునీరే కదా, విద్యుత్తు పారుతుంది. క్షేత్రం పుట్టించే తీగ చుట్ట ఎంత పెద్దదైతే, క్షేత్రం ఎంత ఎక్కువైతే, ఎంత వేగంగా మారితే అంత ఎక్కువ.

బ్రెజోవిచ్ అనే ఆయన 1980లలో మనుషుల మీద పరీక్షించి, ఛాతీ చుట్టూ చుట్ట పెడితే ఎంతవరకు ఓర్చుకోగలరో ఒక హద్దు చెప్పారు. క్షేత్ర బలాన్ని మీటరుకి ఆంపియర్లలో తీసుకుని దాన్ని సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకెతో గుణిస్తే 48.5 కోట్లు దాటకూడదు. ఎంఐటీ ఎలకల ప్రయోగంలో 15 వేల ఆంపియర్లు, 5 లక్షల హెర్ట్జ్. గుణించండి, 750 కోట్లు. హద్దుకి 15 రెట్లు పైన. తల ఛాతీకన్నా చిన్నది కాబట్టి హద్దు కొంచెం సడలుతుంది, నిజమే, అయినా తేడా పెద్దదే. ఎలుక తల రెండు వేళ్ల మధ్య పట్టేంత, దానికి సరిపడే చుట్ట చిన్నది. మనిషి తల మధ్యలోకి అదే క్షేత్రం పంపాలంటే యంత్రమే వేరు.

కాయిల్_కుమార్
ఆదివారం, ఉదయం 8:25

మాస్టారూ నమస్కారం. నేను ఇండక్షన్ హీటర్ల తయారీలో పనిచేస్తాను కాబట్టి మీ లెక్క పూర్తిగా ఒప్పుకుంటున్నా. కానీ మనిషి తల పట్టే యంత్రం లేదనుకోకండి, ఉంది. జర్మనీలో మాగ్‌ఫోర్స్ అనే కంపెనీ మెదడు గడ్డలకి ఐరన్ ఆక్సైడ్ రేణువులు ఎక్కించి 100 కిలోహెర్ట్జ్ క్షేత్రంతో వేడిచేసే చికిత్స తెచ్చింది, 2010లో యూరప్‌లో అనుమతి వచ్చింది. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కేన్సర్ తిరగబెట్టిన 59 మంది మీద ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. అక్కడి ఇబ్బందులు చూస్తే మన ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. చికిత్సకి ముందు పళ్లలోని లోహపు ఫిల్లింగులు, క్యాపులు తీసేయాలి, లేకపోతే అవి వేడెక్కుతాయి. అంత ఇనుము తలలో ఉండిపోయాక ఎంఆర్ఐ తీస్తే ఆ చోట నల్లటి మరకలా వచ్చి ఏమీ తెలియదు, సీటీతో సరిపెట్టుకోవాలి. కేన్సర్ రోగి అవన్నీ భరిస్తాడు, ఎందుకంటే ఇంకో దారి లేదు. ఆ కంపెనీ కూడా 2022లో దివాలా తీసింది. పార్కిన్సన్స్‌కి డీబీఎస్ అనే నమ్మకమైన దారి ఉన్నప్పుడు కొత్తది దానికన్నా మెరుగని నిరూపించాలి కదా.

వాసిరెడ్డి_హోప్
ఆదివారం, ఉదయం 9:50

అందరూ కలిసి ఆ అబ్బాయిని ఎందుకు నిరుత్సాహపరుస్తున్నారు? 2021లో నెదర్లాండ్స్ మాస్ట్రిక్ట్ వాళ్లు అనికేవా బృందంతో కలిసి పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెప్పించిన ఎలకల్లో ఇదే పద్ధతి వాడి నడక మెరుగుపడిందని చూపించారు. డీబీఎస్‌లో ఏ చోటైతే తీగ పెడతారో సరిగ్గా అదే చోట, సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో. మా అత్తయ్య ఇదే జబ్బుతో పన్నెండేళ్లు మంచం పట్టి పోయింది, ఆవిడ కాలంలో మాకు ఆశపడడానికి కూడా ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. దాన్ని తక్కువ చేయకండి.

ఫెర్రైట్
ఆదివారం, ఉదయం 10:20

తక్కువ చేయడం లేదండీ. ఆ పేపరు నాకు ఇష్టమైనవాటిలో ఒకటి. కానీ ఎలుకకి ఆ లక్షణాలు మందు ఇచ్చి కొన్ని రోజుల్లో తెప్పిస్తారు, మనిషికి ఎన్నో ఏళ్లుగా లోపల పెరిగిన జబ్బు. ఎలుక నుంచి మనిషికి రావడానికి రేణువులు ఏళ్ల తరబడి మెదడులో ఉంటే ఏమవుతుందో చూడాలి, కదిలి పక్కకి పోతాయా, కణాలు వాటిని మింగేస్తాయా, పూత ఊడిపోతుందా. మా ల్యాబ్‌లో ఒకే జాడీలోంచి తీసిన రేణువులు ఈ నెల ఒకలా, మూడు నెలల తర్వాత ఒకలా వేడెక్కిన రోజులున్నాయి, పూత పాడై గుంపులు కట్టేసేవి. అది పరీక్షనాళికలో. తలలో అయితే బయటికి తీసి మార్చలేం. డీబీఎస్ తీగని కావాలంటే తీసేయచ్చు.

కృష్ణవేణి_న్యూరో
ఆదివారం, ఉదయం 11:05

నేను న్యూరో వార్డులో నర్సుని, పదహారేళ్ల సర్వీసు. బాబూ, నువ్వు రాసిన లక్షణాలు, మాత్ర రెండు గంటలకే దిగిపోవడం, ఎక్కినప్పుడు మెలికలు, ఇవి చూసే డాక్టర్లు డీబీఎస్ గురించి మాట్లాడతారు. ఇందులో ఆలస్యానికి ఖరీదు ఉంటుంది. వయసు మీద పడి, మతిమరుపు మొదలైతే, మాత్రకి కూడా స్పందించని ఇబ్బందులు వచ్చేస్తే అప్పుడు చేద్దామన్నా చేయరు. మాత్రతో ఎంత మెరుగవుతారో దాన్నిబట్టే ఆపరేషన్‌తో ఎంత మేలు జరుగుతుందో అంచనా వేస్తారు. అందుకే రాత్రి నుంచి మాత్ర ఆపి పొద్దున్న ఒకసారి, మాత్ర ఇచ్చి ఒకసారి నడిపించి చూస్తారు. పరీక్షలు చేయించుకోవడమంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదు, నాన్నగారికి ఇది చెప్పు. ముందు పనికొస్తారో లేదో తెలియనీ.

అమ్మకోసం
ఆదివారం, మధ్యాహ్నం 12:40

మా అమ్మకి 2019లో డీబీఎస్ అయింది. ఉన్నదున్నట్టు చెప్తాను. తలలోకి వెళ్లే తీగ మిల్లీమీటరుకి కొంచెం పైన మందం ఉంటుంది, చెవి వెనక నుంచి మెడలోకి వైరు, కాలర్ ఎముక కింద అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద బ్యాటరీ. ఆపరేషన్ అప్పుడు సగం మెలకువగానే ఉంచారు, చెయ్యి ఆడించమన్నారు, తీగలో కరెంటు ఇవ్వగానే చేతి వణుకు ఆగిపోయింది, అమ్మ అది ఇప్పటికీ చెప్పుకుంటుంది. కానీ ఇంటికి వచ్చాక ప్రోగ్రామింగ్‌కి, అంటే ఎంత కరెంటు ఇవ్వాలో సరిచేయించుకోవడానికి, అయిదు నెలలు తిరగాలని మాకు ఎవరూ చెప్పలేదు. చేసిన ఆసుపత్రిలో ఒకేఒక్క టెక్నీషియన్, అతను సెలవు పెడితే ఊరి నుంచి వచ్చి వెనక్కి పోయేవాళ్లం, చాలా కోపం వచ్చేది. 2023లో బ్యాటరీ మార్చాల్సి వచ్చింది, మళ్లీ చిన్న ఆపరేషన్, మళ్లీ ఖర్చు. మాట కొంచెం ముద్దగా మారింది, అది తగ్గలేదు. ఇన్ని ఉన్నా, అమ్మ తన చీర తనే కట్టుకుంటుంది, రాత్రిపూట పక్క మీద తనంతట తను ఒత్తిగిలుతుంది. అంతకుముందు మూడేళ్లు ఆ రెండూ లేవు.

ఆ వైరూ బ్యాటరీ లేకుండా ఇదే పని జరిగే రోజు వస్తే మొదట సంతోషించేది నేనే. అందుకే ఈ నానోరేణువుల సంగతి నేనూ శ్రద్ధగా చదువుతున్నాను.

ఊరి_రామయ్య
ఆదివారం, సాయంత్రం 4:15

నాకు ఇంకో భయం. రేపు ఇవి వస్తే బయట నుంచి ఎవరైనా మన బుర్రని నడిపిస్తారేమో. కరోనా టీకాలో కూడా ఇవే కలిపారని, సూది వేసిన చోట రూపాయి బిళ్ల అతుక్కుంటోందని అప్పట్లో మా ఊరంతా వాట్సాప్‌లో తిరిగింది. సెల్ టవర్ నుంచి చేస్తారని కూడా అన్నారు.

పీజీ_మెదడు
ఆదివారం, సాయంత్రం 5:02

రామయ్య గారూ, నేను న్యూరోసైన్స్ చదువుతున్నాను. టీకాలో ఏమేం ఉంటాయో జాబితా బయటే ఉంటుంది, అందులో అయస్కాంత రేణువులు లేవు. ఐరన్ ఆక్సైడ్ నానోరేణువులు నిజంగా ఒంట్లోకి ఎక్కించే మందు వేరే ఉంది. ఫెరుమాక్సిటాల్ అని, కిడ్నీ జబ్బుతో రక్తం తక్కువైనవాళ్లకి 2009 నుంచి అమెరికాలో ఇస్తున్నారు, ఒక్కో డోసులో 510 మిల్లీగ్రాముల ఇనుము. అంత ఎక్కించినా ఎవరి నరాలూ అయస్కాంతానికి ఆడవు, ఎందుకంటే పైన మిగతావాళ్లు చెప్పినట్టు ఇవి కావలసిన నాడీకణం పక్కకే చేరాలి, అక్కడ ఆ ద్వారం ఉండాలి, చుట్ట దగ్గరగా ఉండాలి. అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ చాలా త్వరగా పడిపోతుంది. టవర్ నుంచి అయ్యే పని కాదు.

కానీ మీ భయంలో ఒక భాగం సరైందే, దాన్ని కొట్టిపారేయను. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా 2019లో, ఆపరేషన్ లేకుండా మెదడుతో మాట్లాడే సాధనాల కోసం ఆరు బృందాలకి నిధులిచ్చింది. అందులో రైస్ విశ్వవిద్యాలయానిది ఒకటి. ఆ విశ్వవిద్యాలయంలోని జేకబ్ రాబిన్సన్ బృందమే 2022లో ఈగల మీద చేసింది, క్షేత్రం ఆన్ చేసిన అర సెకనులో ఈగ రెక్కలు చాచింది. వేడి పద్ధతిలో అంత వేగంగా అంతకుముందు ఎవరూ చేయలేదు, ఎంఐటీ ఎలకల్లో కొన్ని సెకన్లు పట్టేది. సైన్యం డబ్బు ఉన్నచోట ప్రశ్నలు అడగాల్సిందే.

ఇంకో సంగతి, ఈ రంగంలో తప్పులు కూడా జరిగాయి, అవి తెలియకపోతే ఏ వీడియో నమ్మాలో తెలియదు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు రేణువులే అక్కర్లేదు, ఒంట్లోనే ఇనుము దాచుకునే ఫెర్రిటిన్ అనే ప్రోటీన్‌ని ద్వారానికి తగిలిస్తే చాలు, అయస్కాంతానికి తెరుచుకుంటుంది అన్నారు. పేరు మాగ్నెటో. ప్రపంచమంతా వార్తలు. అదే ఏడాది కాల్టెక్ విశ్వవిద్యాలయంలో మార్కస్ మైస్టర్ లెక్కవేసి, అందులో చెప్పిన బలాలు కావలసినదానికన్నా లక్ష నుంచి వెయ్యి కోట్ల రెట్లు తక్కువని చూపించారు. 2020 మొదట్లో, మొదటి పేపరు వచ్చిన పత్రికలోనే మూడు వేర్వేరు బృందాలు మేం చేసి చూశాం, పనిచేయలేదు అని రాశాయి. మొదటి వార్త విన్న వాళ్లలో ఎంతమంది ఈ రెండో వార్త విన్నారు?

లెక్కల_మాస్టారు
ఆదివారం, సాయంత్రం 6:30

మైస్టర్ పేపరు నేనూ చదివాను. ఇంటర్ పిల్లలకి అర్థమయ్యే ఫిజిక్స్‌తో రాశారు, చదువుతుంటే కడుపు నిండినట్టు ఉంటుంది. పీజీ_మెదడు, నువ్వు ఎవరో గానీ బాగా చదువుతున్నావమ్మా. వేడి కాకుండా ఇంకే దారుల్లో ప్రయత్నిస్తున్నారో అది కూడా రాయి.

పీజీ_మెదడు
ఆదివారం, రాత్రి 8:20

థ్యాంక్యూ మాస్టారూ. వేడితో చిక్కు ఏంటంటే కొన్ని డిగ్రీలు పెరిగితేనే ద్వారం తెరుచుకుంటుంది, ఇంకొన్ని డిగ్రీలు పెరిగితే కణం చచ్చిపోతుంది, మధ్యలో సందు చాలా ఇరుకు. అందుకని ఇంకో రెండు దారులు.

ఒకటి నెట్టడం. పీజో1 అని ఒత్తిడికి తెరుచుకునే ద్వారం ఉంది, అది కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్ జూలియస్‌తో కలిసి ఆ నోబెల్ తీసుకున్నారు. దక్షిణ కొరియాలో చియాన్ జిన్‌వూ బృందం రేణువులను ఈ ద్వారం పక్కన పెట్టి, నెమ్మదిగా తిరిగే క్షేత్రంతో మెలితిప్పినట్టు చేస్తోంది. వేడి ఉండదు, లక్షల హెర్ట్జ్ అక్కర్లేదు, కాబట్టి మాస్టారు చెప్పిన 48.5 కోట్ల హద్దు ఇక్కడ అడ్డురాదు. 2024లో వాళ్లు చేసినది చదివి నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. పిల్లల్ని కనని ఆడ ఎలుక, క్షేత్రం ఆన్ చేస్తే వేరే ఎలుక పిల్లల్ని నోట కరుచుకుని గూటికి తెచ్చుకుంది. తిండి తినడాన్ని కూడా పెంచారు, తగ్గించారు. దీనికీ జన్యువు ఎక్కించాలి, సూదీ కావాలి.

రెండోది విద్యుత్తే పుట్టించడం. లోపల అయస్కాంత పదార్థం, పైన ఒత్తిడి పడితే కరెంటు పుట్టించే పొర. క్షేత్రంలో లోపలిది కొంచెం సాగుతుంది, పై పొర మీద ఒత్తిడి పడి విద్యుత్తు వస్తుంది. 2024లో ఎంఐటీ వాళ్లు 250 నానోమీటర్ల బిళ్లలతో ఇలా చేశారు. జన్యువు మార్చనక్కర్లేదు, అదే దీని గొప్ప. పార్కిన్సన్స్‌కి ఏదైనా వస్తే ఈ దారిలో వస్తుందని నా నమ్మకం. దీనికీ ఇప్పటికి ఎలకలే.

ఫెర్రైట్
ఆదివారం, రాత్రి 8:55

ఒప్పుకుంటాను, జన్యువు లేకుండా అన్నదే ముఖ్యం. ఒక్కటి కలుపుతా. అంత చిన్న బిళ్ల నుంచి వచ్చే వోల్టేజీ చాలా తక్కువ, అది పెంచడం మీదే మాలాంటి పదార్థాల వాళ్లు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు.

తెనాలి_చిన్నోడు
సోమవారం, రాత్రి 10:05

అందరికీ చేతులెత్తి దణ్ణం. నిన్న రాత్రి అమ్మకోసం అక్క రాసింది నాన్నకి మొత్తం చదివాను. రాత్రి పక్క మీద ఒత్తిగిలడం గురించి రాశారు కదక్కా, అక్కడ ఆపి మళ్లీ చదవమన్నారు. నాన్నకి అదే బాధ, అర్ధరాత్రి అమ్మని లేపి తిప్పమనాలి, సిగ్గుపడి లేపకుండా తెల్లవార్లూ అలాగే పడుకుంటారు, ఆ సంగతి మాకు నిన్నటిదాకా తెలీదు. పొద్దున్న తనే అన్నారు, పరీక్షల వరకైతే వెళ్దాం, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం అని. గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. కృష్ణవేణి గారూ, వెళ్లేముందు మేం ఏమైనా చేసి పెట్టుకోవాలా?

కృష్ణవేణి_న్యూరో
సోమవారం, రాత్రి 10:40

మంచి పని చేశావు బాబూ. ఈ మూడు రోజులూ ఒక కాగితం మీద మాత్ర ఎన్నింటికి వేశారు, ఎన్నింటికి పనిచేసింది, ఎన్నింటికి దిగిపోయింది, మెలికలు ఎప్పుడు వచ్చాయి, గంట గంటకీ రాయండి. కాళ్లు ఆగిపోయినప్పుడు ఒకటి, బాగా నడుస్తున్నప్పుడు ఒకటి ఫోనులో వీడియో తీసి ఉంచు, ఆసుపత్రికి వెళ్లిన గంటలో నాన్నగారు బాగుంటే డాక్టరుకి అసలు ఇబ్బంది కనపడదు. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, ఎప్పుడు ఆపాలో వాళ్లే చెప్తారు. రాత్రి ఒత్తిగిలలేకపోతున్న సంగతి తప్పకుండా చెప్పాలి, రాత్రికి మాత్ర మారిస్తే దానికి కొంత ఇప్పుడే తగ్గచ్చు. అప్పటిదాకా జారే గుడ్డ, శాటిన్ లాంటిది, నడుము కింద పరిచి చూడండి.

తెనాలి_చిన్నోడు
సోమవారం, రాత్రి 10:52

అమ్మ పాత శాటిన్ దుప్పటి తీస్తోంది.